కేకే లైను లేఅవుట్: బండి నడుస్తోంది, కొండ మాత్రం పుట్టినరోజు కేకులా ఉంది

చిమిడిపల్లి లూప్:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మీరు రాసినవి చదువుతూ, మీ ఫొటోలు చూసి కుళ్లుకుంటూ గడిపేశాను. ఇవాళ నోరు విప్పక తప్పలేదు.

మాది మర్రిపాలెం. పోర్టులో షిఫ్టు ఉద్యోగం. అబ్బాయి హాస్టల్‌కి వెళ్లాక వాడి మంచం ఖాళీ అయింది. దాని మీద ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ పరిచి, హెచ్‌ఓ స్కేల్‌లో (అసలుకి 87వ వంతు సైజు) అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ (కేకే) లైను ముక్క ఒకటి మోడల్ రైలుగా కట్టుకుంటున్నాను. దసరా సెలవులకి వాడొచ్చి హాల్లో చాప మీద పడుకున్నాడు. వాళ్లమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అది వేరే కథ.

కేకే లైనులో 58 సొరంగాలంటారు. నా పలక మీద పట్టినవి రెండు. ఒక గర్డర్ వంతెన, కింద వాగు, పైన సిమిలిగూడ స్టేషను. ఇంజిను అమెరికన్ ఆల్కో కంపెనీ బాడీ. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిను కూడా ఆల్కో డిజైనే కాబట్టి రంగు మార్చి సరిపెట్టుకున్నాను. వెనక ఖనిజం మోసే, పైకప్పు లేని బాక్స్-ఎన్ వ్యాగన్లు పది. పట్టాలు, పాయింట్లు (పట్టాలు చీలే చోట్లు), వైరింగు అన్నీ కుదిరాయి. బండి ఒక్కసారి కూడా పట్టా దిగకుండా గంటసేపు తిరిగిన రోజున, ఇంక సీనరీ ఒక్కటేగా, వారంలో తేలిపోతుంది అనుకున్నాను. అది మార్చి. ఇప్పుడు నవంబరు.

ముందు కంకర సంగతి. బయటినుంచి తెప్పించే బ్యాలస్ట్ ప్యాకెట్టు ధర చూసి కళ్లు తిరిగాయి. పక్కనే సముద్రం పెట్టుకుని ఇసుక కొనడమేమిటని, ఆదివారం పొద్దున్నే భీమిలి రోడ్డు వైపు బండేసుకుని వెళ్లాను. అలలు వచ్చి వెనక్కి పోయే చోట ఇసుక మీద నల్ల చారలుంటాయి చూశారా, అవి అచ్చం కంకర రంగులో కనిపించాయి. పనిగట్టుకుని ఆ నల్లటిదే ఏరి, ఐస్‌క్రీం డబ్బా నిండా తెచ్చాను. ఎండబెట్టి, టీ జల్లెడలో పట్టి, పట్టాల మధ్య పోసి, ఫెవికాల్ నీళ్లు కొట్టాను. వారం రోజులు మురిసిపోయాను. ఎనిమిదో రోజు ఇంజిను కరకరమంది. పదో రోజు రెండో సొరంగంలో ఆగిపోయింది. చెయ్యి పట్టదు, అట్టముక్కతో బయటికి తోసుకున్నాను. విప్పి చూస్తే మోటారు అయస్కాంతం చుట్టూ నల్ల మీసం! పళ్లచక్రాల గ్రీజు నిండా అదే. పైగా పట్టాల పక్కన సన్నగా పచ్చటి చిలుం కూడా మొదలైంది.

కొండకి మట్టి కావాలని, వాడేసిన టీ పొడి ఆరబెట్టి చల్లాను. రంగు భలే కుదిరింది. ఆగస్టు ముసురుకి దాని మీద తెల్లగా బూజు లేచింది. మా ఆవిడ "మంచు కూడా పడుతోందే, అరకు కాదు, కశ్మీరు" అంది.

గడ్డికి రంపప్పొట్టు తెచ్చి ముగ్గుల రంగు కలిపాను. ఆకుపచ్చ అంటే ఎంత ఆకుపచ్చో మీరు ఊహించలేరు. రాత్రి లైటు తీసేసినా కనిపిస్తుందేమో అనిపిస్తుంది. శీతాకాలంలో ఆ కొండల మీద పసుపుపచ్చ పూల చేలుంటాయి కదా, వాటికోసం స్పాంజి పొడిలో వంటింటి పసుపు కలిపి చల్లాను. సగం చోట్ల ఎర్రబడింది, మిగతా సగం వెలిసిపోయింది.

ఇంకా ఏదో తక్కువైందనుకుని మనుషుల్ని పెట్టాను. 34 మంది. పదకొండు ఆవులు, రెండు లారీలు, ఒక అమ్మవారి గుడి, టీ కొట్టు, సొరంగం పక్కన వరసగా ఏడు తాటిచెట్లు. ఎన్ని పెడితే అంత బొమ్మలకొలువులా తయారవుతోంది తప్ప, రైలు కిటికీలోంచి చూసే ఆ కొండ మాత్రం రావడం లేదు.

అడిగేది ఇదీ. అంటించిన ఇసుక పట్టాలు పాడవకుండా తియ్యగలనా? మన ఊళ్లో దొరికేవాటితో కంకర, గడ్డి, రాళ్లు ఎలా చెయ్యాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, దీన్ని బొమ్మలా కనిపించేట్టు చేస్తున్నది ఏమిటి? ఫొటోలు పెట్టాను. నవ్వుకోండి, ఫరవాలేదు, నవ్వాక చెప్పండి.


డబుల్ హెడర్:

అన్నా, ఆ కేకు ఒక్కటి నాకు పార్సిల్ పంపించు 😀

సీరియస్‌గా చెప్పాలంటే అదంతా గీకి పారేసి రెడీమేడ్ బ్యాలస్ట్, స్టాటిక్ గ్రాస్ (నిలబడే నార గడ్డి) కొనెయ్. ఎనిమిది నెలల టైముకి విలువ లేదా? మట్టి ఒక్కటే మనది వాడు. ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లి రెండు కవర్లు తెచ్చుకో, ఘాట్ (ఆ కొండదారి) రంగు సరిగ్గా అదే.


పాత గ్యాంగు:

బాబూ, నేను పట్టాల మనిషిని, బొమ్మల మనిషిని కాదు. గ్యాంగ్‌మాన్‌గా చేరి, కీమాన్‌నై (సుత్తి పట్టుకుని పట్టా చూసుకుంటూ నడిచేవాడు), గ్యాంగుకి పెద్ద అయిన మేటుగా దిగాను. అందులో పద్నాలుగేళ్లు ఘాట్‌లోనే. మా అల్లుడు ఫోన్లో ఈ గ్రూపు పెట్టిచ్చినప్పటినుంచి మీ ఫొటోలు చూస్తున్నాను. మీ ఫొటో రెండు వేళ్లతో సాగదీసి మరీ చూశాను.

ముందు ఇసుక. ఆ నల్లటిది ఇలమనైటు, మాగ్నటైటు. విశాఖనుంచి భీమిలి దాకా తీరమంతా ఉంటుంది. చిన్నప్పుడు పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి ఇసుకలో ఈడ్చుకుంటూ తిరగలేదా మీరు? గడ్డం పట్టేది కదా. అదే గడ్డం ఇప్పుడు మీ ఇంజినుకి పట్టింది. దొరికిన ఇసుకలో మీరు ఏరి మరీ తెచ్చింది దాన్నే. చిలుం ఉప్పువల్ల వచ్చింది. సముద్రపు ఇసుక ఎంత కడిగినా నేనైతే పట్టా దగ్గరికి రానివ్వను.

మనకి కావలసింది క్రషర్ డస్టు. ఇల్లు కట్టేచోట ఎక్కడడిగినా ఒక తట్ట ఇస్తారు. నీళ్లలో కడిగితే పాలలాంటి బూడిద పోతుంది, గింజ మిగులుతుంది. ఆరాక జల్లెడ పట్టండి. అసలు లైను మీద మేము వేసే కంకర 20 మిల్లీమీటర్లనుంచి 65 దాకా ఉంటుంది. మీ స్కేలు 87కి ఒకటి అన్నారు కాబట్టి పావు మిల్లీమీటరుకీ ముప్పావు మిల్లీమీటరుకీ మధ్య గింజ ఉండాలి. టీ జల్లెడలోంచి దిగి, పలచటి గుడ్డ మీద ఆగేది అన్నమాట. అది కూడా ముందు ఒక కాగితం మీద పరిచి, అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి పైన తిప్పండి. అంటుకున్నది కవరుతో సహా తీసి పారెయ్యండి. కవరు లేకుండా తిప్పారో, అయస్కాంతం గోక్కోవడానికే ఒక పూట పడుతుంది.

ఇంక మీ లైను. కంకర స్లీపరు (పట్టాల కింది అడ్డదిమ్మ) నెత్తి మీద ఉంది. మా పీడబ్ల్యూఐ (పట్టాల ఇన్‌స్పెక్టరు) గారు చూస్తే అక్కడే నిలబెట్టి కడిగేవారు. స్లీపరు పైభాగం తుడిచినట్టుండాలి. రాయి స్లీపరుకి సమంగా గాని, ఒక పిసరు కిందగా గాని ఆగాలి. చివర్న కొంచెం భుజం, అక్కడినుంచి వాలు, వాలు కింద మనిషి నడిచే సెస్సు, దాని పక్కన కాలవ. మీది పట్టా, రాయి, వెంటనే గడ్డి. కాలవ లేదు. ఘాట్‌లో కాలవ లేని లైను ఒక్క వానకి మిగలదు. బొమ్మలా ఎందుకుందని అడిగారు కదా, నాకైతే మొదట కనిపించిన లోటు అదే. కొండకీ లైనుకీ మధ్య మనిషి పని చేసిన జాడ లేదు.

రంగు చెప్తాను. ఆ లైను మీద ఖాళీ వ్యాగన్లు పైకి వెళ్తాయి, ఇనుపరాయి లోడుతో కిందికి దిగుతాయి. దిగేటప్పుడు దారి పొడుగునా బ్రేకే. బ్రేకు బ్లాకులు అరిగి రాలిన పొడి, ఖనిజం దుమ్ము కలిసి కంకర ఎర్రగోధుమ రంగుకి తిరుగుతుంది. పట్టాల మధ్యలోకన్నా పట్టా పక్కల ఎక్కువ. మీ కంకర అంతా ఒకటే నలుపు. ముగ్గులకి అంచు దిద్దే ఎర్రమన్ను ఉంటుందే, జాజు, దాన్ని మెత్తగా నూరి కొంచెం మసి కలిపి పాత బ్రష్‌తో పట్టా వెంబడే దులపండి. పట్టా పక్కలకి తుప్పు రంగు వెయ్యండి. చక్రం తొక్కే పైభాగం ఒక్కటే మెరవాలి. మీ స్లీపర్లు చెక్క రంగులో ఉన్నాయి. ఇప్పుడక్కడ సిమెంటువి కదా, బూడిద రంగు పట్టించండి.

వ్యాగన్లలో ఇనుపరాయి అంచుదాకా నింపేశారు. అలా నింపితే ఇరుసులు విరుగుతాయి బాబూ! బొగ్గయితే నిండుగా కనిపిస్తుంది. ఇనుపరాయి బరువు కాబట్టి సగానికన్నా కిందే ఆగిపోతుంది. పక్కనుంచి చూస్తే వ్యాగన్ ఖాళీ అనుకుంటారు. పైనుంచి చూస్తేనే లోపల కుప్పలు తెలుస్తాయి.

సామాను కొంచెం పెట్టండి, ఊరికే పారేసినట్టు. లైను పక్కన తీసేసిన పాత పట్టా ఒకటి గడ్డిలో పడుకుని ఉంటుంది. రెండు విరిగిన స్లీపర్లు. కిలోమీటరు రాయి. గేటు ముందు పసుపు రంగు విజిల్ బోర్డు. 34 మంది సిమిలిగూడలో ఎప్పుడుంటారో నాకు తెలీదు. బండి లేని వేళలో ఇద్దరు మనుషులు, ఒక కుక్క. కీమాన్ ఒకడు తప్పకుండా ఉండాలి. అది నా స్వార్థం.


చిమిడిపల్లి లూప్:

గురువుగారూ, మీరు చెప్పింది మా ఆవిడకి చదివి వినిపించాను. "కాలవ సంగతి నేను జూన్‌లోనే చెప్పాను" అంటోంది. చెప్పిన మాట నిజమే. వాగులో పోసిన రెసిన్ పక్కకి కారి పరుపు మీద పడ్డప్పుడు, "నీళ్లు పోయే దారి ఉంచుకోవాలి కదా" అంది. అది నేను వేరే అర్థంలో తీసుకున్నాను.

డబుల్ హెడర్ తమ్ముడూ, కొనే స్తోమత ఉంటే మంచం మీద ఎందుకు కడతాను?


ప్లాస్టరు పిల్ల:

అక్కయ్యపాలెంలో డెంటల్ ల్యాబ్‌లో పన్నెండేళ్లుగా పళ్ల అచ్చులు పోస్తున్నాను. మా ఇంట్లో లేఅవుట్ ఇది రెండోది. మొదటిది హుద్‌హుద్‌కి పోయింది. 2014 అక్టోబరు 12న కిటికీ తలుపు ఎగిరిపోయి గదంతా వాన. ప్లైవుడ్‌కి పైన మాత్రమే రంగు వేశాను, అడుగున వెయ్యలేదు. నీళ్లు తాగి అప్పడంలా లేచింది. అన్నయ్యగారూ, తుఫాను దాకా ఎందుకు, మన ఊరి గాలి తేమ చాలు. మీ పలక అడుగుభాగానికీ అంచులకీ ఇవాళే ఎనామెల్ పెయింట్ కొట్టేయండి.

ముందు ఒక మాట. ఎర్రమట్టి దిబ్బల మట్టి ముట్టుకోకండి. అది రక్షిత ప్రాంతం. వేల ఏళ్లుగా గాలికీ నీటికీ పేరుకున్న దిబ్బలవి, ఒక్కొక్కరూ రెండేసి కవర్లు తెచ్చుకుంటే ఏం మిగులుతుంది? ఇంటి పునాది తవ్విన చోట ఎర్రమట్టి కావలసినంత. పెనం మీద వేయించి వాడుకోండి, పురుగు, బూజు రావు. టీ పొడికి బూజు పట్టింది అది తిండి పదార్థం కాబట్టి. మన తేమలో టీ, కాఫీ పొడి, రవ్వ, పిండి ఏదీ పనికిరాదు.

అంటించిన ఇసుక తియ్యడం తేలికే. ఫెవికాల్ ఆరినా నీటికి మెత్తబడుతుంది. వేడినీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పాత గుడ్డ తడిపి జానెడు చొప్పున పట్టాల మీద పరచండి. అరగంట ఆగి, ఐస్‌క్రీం పుల్లతో తోస్తే పొరలా లేస్తుంది. పాయింట్ల దగ్గర మాత్రం తొందరపడకండి, టూత్‌బ్రష్‌తో కొంచెం కొంచెంగా తియ్యండి. తీశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (స్పిరిట్) గుడ్డతో పట్టాలు తుడవండి. కరోనా నాటి శానిటైజర్ మిగిలిందని అది వాడకండి, అందులో గ్లిజరిన్ జిడ్డు ఉంటుంది. ఇంజినులోది సెల్లోటేపు జిగురు వైపుతో అద్ది అద్ది తియ్యాలి. పళ్లచక్రాలు విప్పి గ్రీజు మొత్తం కడిగి కొత్తది పెట్టండి, మెతుకంత చాలు.

కొత్త కంకర పొడిగానే పోసి, పెద్దాయన చెప్పిన ఆకారం బ్రష్‌తో ముందే దిద్దుకోవాలి. జిగురు పడ్డాక దిద్దడం కుదరదు. తర్వాత స్పిరిట్ తుంపరలా కొట్టండి. అలా తడపకుండా జిగురు వేస్తే చుక్క ముత్యంలా నిలబడి గింజల్ని లేపుకుపోతుంది. మీ ఫొటోలో గుంటలు పడింది అందుకే. ఒక వంతు ఫెవికాల్‌కి రెండు వంతుల నీళ్లు, ఇంకు ఫిల్లరుతో అంచునుంచి వదలండి, అదే పాక్కుంటూ వెళ్తుంది. ఒక రాత్రి ముట్టుకోకండి. మీవల్ల కాదని తెలుసు, అయినా చెప్తున్నాను.

రాళ్లు నా సబ్జెక్టు. మీరు థర్మోకోల్‌ని చాకుతో కోసి రాయి అన్నారు, అది జున్నుముక్కలా ఉంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ నలిపి, కొంచెం విప్పి, గిన్నెలా చేసి అందులో ప్లాస్టరు పొయ్యండి. గట్టిపడ్డాక ఫాయిల్ ఒలిస్తే పగుళ్లు, అంచులు వాటంతటవే వస్తాయి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అయితే 100 గ్రాములకి దాదాపు 50 మిల్లీలీటర్ల నీళ్లు. మా డెంటల్ స్టోన్ అయితే 30 చాలు, రాయిలా గట్టిగా వస్తుంది, సన్నటి అంచు విరగదు. డెంటల్ సామాన్ల షాపులో కిలో ప్యాకెట్లు ఎవరికైనా ఇస్తారు. పొడిని నీళ్లలో వెయ్యాలి, నీళ్లు పొడిలో కాదు. మిగిలింది సింకులో పొయ్యకండి. ఒకసారి మా ఇంటి పైపు కోయించాల్సి వచ్చింది.

రంగు ఒకేసారి పూయకండి. ఆ ఘాట్‌లో ఎక్కువగా కనిపించేది ఖొండలైటు అనే రాయి. మన కైలాసగిరి, సింహాచలం కొండల్లోదీ అదే. ఎండా వానా తగిలి ఎర్రగోధుమగా మారుతుంది, మధ్యమధ్య తెల్లటి సుద్ద మచ్చలు. నీళ్లలా పలచన చేసిన పసుపుమట్టి రంగు అక్కడక్కడ, ఇటుక రంగు అక్కడక్కడ మచ్చలుగా వేసి, చివర్న పలచటి నలుపు ఒక్కసారి పైనుంచి కారనివ్వండి. నలుపు పగుళ్లలోకి దిగి కూర్చుంటుంది. థర్మోకోల్ దగ్గర స్ప్రే పెయింటు డబ్బా వాడొద్దు, కరిగి గుంట పడుతుంది.

పసుపు ఎందుకు ఎర్రబడిందో మీ ఇంట్లో ఆడవాళ్లని అడిగినా చెప్పేవారు. పసుపులో సున్నం కలిస్తే పారాణి. మీ కొండ పైపూత సున్నం అని మొదటి ఫొటో కింద మీరే రాశారు. మిగతాది వెలుతురుకి వెలిసింది, పసుపు రంగు ఎండకి ఆగదు. యాక్రిలిక్ పసుపు వాడండి.

సొరంగం ముఖాలు అంటించే ముందు మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడుగు పెట్టెకి మధ్యలో ఒకటి, చివర ఒకటి పెన్సిలు కట్టి వంపు మీద తోయండి. ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి పొడుగు ప్రయాణికుల పెట్టె) మన స్కేల్లో 27 సెంటీమీటర్లు. వంపులో నడుము లోపలికి, మూలలు బయటికి వస్తాయి. పెన్సిలు గీతలకి అవతలే మీ గోడ, మీ చెట్టు, మీ కీమాన్.


వలిసెపూలు:

అరకు దగ్గర బడిలో పనిచేస్తున్నాను, పుట్టింది కూడా ఇక్కడే. లేఅవుట్ లేదు, చూడ్డం ఇష్టం.

సార్, తాటిచెట్లు కింద శృంగవరపుకోట, బొడ్డవర దగ్గర దింపేయండి. సొరంగాల దగ్గర కనిపించేది జీలుగు. దూరంనుంచి తాటిలా అనిపిస్తుంది గానీ ఆకు చేప తోకలా ఉంటుంది, కాయల గెలలు జడల్లా వేలాడతాయి. ఇంకా పైకొస్తే సిల్వర్ ఓక్, కింద కాఫీ తోట, ఓక్ మానులకి మిరియాల తీగ. ఓక్ చెట్టు నిటారుగా ఉంటుంది, గుండ్రంగా చెయ్యకండి.

పసుపు పూల చేను వలిసెలు. ఊళ్లో కొందరు వెర్రి నువ్వులు అంటారు. కొండంతా పుయ్యదు. మడి ఉన్న చోటే, గీత గీసినట్టు చదరంగా ఉంటుంది, పక్క మడి కోసేసిన బోడి నేల. మీరు అక్షింతల్లా కొండంతా చల్లేశారు.

ఇంకొకటి. గడ్డి అన్ని చోట్లా ఒకే ఎత్తులో ఉంది. మా దగ్గర మేకలు తిరిగే చోట గీకినట్టుంటుంది, అవి ఎక్కలేని చోట నడుం లోతు. గోగునార తాడు విప్పి పొట్టివీ పొడుగువీ ముక్కలు చేసి, సగం మామూలు రంగులోనే ఉంచి, సగానికి పలచగా ఆకుపచ్చ పట్టించండి. నవంబరులో గడ్డి సగం ఎండే ఉంటుంది. దోమల బ్యాట్‌తో గడ్డి నిలబెట్టే యంత్రం చేసుకునేవాళ్లున్నారు. చేస్తే జాగ్రత్త, స్విచ్ వదిలాక కూడా కాసేపు షాక్ కొడుతుంది.


చిమిడిపల్లి లూప్:

మూడు వారాలైంది. నైట్ షిఫ్టులు పడి రాయలేదు.

ఇసుక తీశాను. రెండు ఆదివారాలు పట్టింది. ప్లాస్టరు పిల్లగారు చెప్పినట్టే పొరలా లేచింది, ఒక్క పాయింటు మాత్రం బిగుసుకుపోయింది, దాన్ని మార్చాను. తీసిన ఇసుకలో ఊరికే అయస్కాంతం తిప్పి చూశాను. పావు గ్లాసుడు నల్లటిది వచ్చింది. దాన్ని పారెయ్యబుద్ధి కాలేదు, సీసాలో పోసి మూతపెట్టాను. మా అబ్బాయికి ఫొటో పంపితే, బస్తాలో పోసి పోర్టుకే తోలెయ్యమన్నాడు.

క్రషర్ డస్టు మా వీధి చివర అపార్ట్‌మెంటు కడుతున్న చోట అడిగాను. మేస్త్రీ ఎంత కావాలన్నాడు. ఒక గ్లాసు అన్నాను. నన్ను కాసేపు చూసి, తట్టెడు పోశాడు. అందులో మిగిలింది మా మేడ మీదుంది, ఎవరికైనా కావాలంటే రండి.

34 మందిలో 31 మందిని దింపేశాను. అమ్మవారి గుడిని తియ్యడానికి మాత్రం మా ఆవిడ ఒప్పుకోలేదు. పెట్టిన దేవతని లేపకూడదంది. కాబట్టి వాగు పక్కకి, చింతచెట్టు కిందికి జరిపాను. నిజం చెప్పాలంటే అక్కడే బాగుంది. ముగ్గు రంగు గడ్డి గీకేశాక కొండ వారంపాటు బోడిగా ఉండిపోయింది. ఆ వారమే అది మొదటిసారి కొండలా కనిపించింది. అందుకని గోగునార సగం కొండకే అంటించి ఆపాను. మిగతాది ఎర్రమట్టి, ఫాయిల్ రాళ్లు. సొరంగం దగ్గర మూడు జీలుగులు నిలబెట్టాను. ఆకులకి కోడి ఈకలు కత్తిరించాను. వలిసె చేను ఒకటే, అగ్గిపెట్టెలో సగమంత, చదరంగా.

జాజు దులిపిన రోజు సంగతి చెప్పాలి. ముందు భయపడ్డాను, చేసిన కొత్త కంకర పాడైపోతుందేమోనని. ఒక మూర పొడుగునా దులిపి, వంగి, కన్ను పట్టా ఎత్తుకి పెట్టి చూశాను. నేను కిరండూల్ పాసింజర్‌లో గుమ్మం దగ్గర కూర్చుని అరకు వెళ్లిన రోజులు గుర్తొచ్చాయి. ఆ బ్రేకు వాసన కూడా వచ్చినట్టే అనిపించింది. అది ఇంజిను కొత్త గ్రీజు వాసన కావచ్చు.

సిమిలిగూడ బోర్డు కొత్తగా చేశాను. పసుపు మీద నలుపు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, కింద ఎత్తు 996.32 మీటర్లు. అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి. ఫొటో స్టూడియోలో ప్రింటు తీసిన కుర్రాడు పాస్‌పోర్ట్ సైజు కన్నా చిన్నది ఎప్పుడూ తియ్యలేదన్నాడు.

మిగిలినవి కరెంటు తీగలు. మాస్టులు (తీగ స్తంభాలు) నిలబెట్టాను గాని తీగ లాగలేదు. తీగ పట్టామీదినుంచి 63 మిల్లీమీటర్ల ఎత్తులో రావాలని లెక్క కట్టాను, అసలుది ఐదున్నర మీటర్లు కదా. నా చెయ్యి వణుకుతుంది, అది సంక్రాంతి తర్వాత.

పాత గ్యాంగు గారూ, మీ కీమాన్‌ని పెట్టాను. మొదటి సొరంగం దాటగానే సెస్సు మీద నడుస్తున్నాడు. గుండుసూది తలతో సుత్తి చేసి భుజాన పెట్టాను. ఫొటో చూసి చెప్పండి.


పాత గ్యాంగు:

చూశాను బాబూ. కాలవ బాగుంది. కాలవలో రెండు ఎండుటాకులు పడేయండి, అంత శుభ్రంగా మేమెప్పుడూ ఉంచలేదు.

కీమాన్ బాగున్నాడు. సుత్తి సరే, రెండో చెయ్యి ఖాళీగా ఉంది. జెండాలు లేకుండా లైను మీదికి ఎలా పంపించారు? ఎర్రవి, పచ్చది చుట్టి చంకలో పెట్టండి.


చిమిడిపల్లి లూప్:

చంకలో ఎర్ర దారం, పచ్చ దారం అంటించాను. చొక్కా ఏ రంగు వెయ్యమంటారు?


పాత గ్యాంగు:

ఇప్పటివాళ్లకి నారింజ రంగు జాకెట్టు ఇస్తున్నారు. మా రోజుల్లో ఖాకీ. మీకేది కావాలో మీ ఇష్టం.

ఖాకీ వెయ్యండి.